మూడో గేరు

"లారీని లేపుడు మనతోని కాదు బావా. భూమినే కిందికి దించుదాం," అన్నాడు గేమ్యా.

గేమ్యా దీప్లాకు బావమరిది. బావులు తవ్వే మనిషి. లోకంలో ఏ చిక్కొచ్చినా అతనికి తోచే ఉపాయం ఒక్కటే, తవ్వడం. కానీ ఈసారి ఆ ఉపాయం అచ్చంగా సరిపోయింది. గేర్ బాక్సు దించాలంటే లారీ ముందు భాగం నడుమెత్తు లేవాలి. అంత లేపే జాకీ కోదాడ షెడ్డులోనే ఉంటుంది. షెడ్డు తండాకు రాదు, లారీ షెడ్డుకు పోకూడదు. అందరి కళ్ల ముందూ ఇక్కడే విప్పాలని తండా పెద్ద నాయక్ మాట.

దీప్లా తన ఇంటి ముందు నిలబడ్డ లారీ కిందికి వంగి చూశాడు. గట్టి మొరం నేల. "నాలుగడుగుల లోతు, మనిషి పండుకునేంత పొడుగు. సాలు," అన్నాడు.

"నువ్వు పండుకునేటందుకేనా?" అని నవ్వాడు గేమ్యా. దీప్లా నవ్వలేదు. గేమ్యాకే తన మాట చేదనిపించి గడ్డపార అందుకున్నాడు.

అప్పటికే తండా సగం అక్కడ చేరింది. నాయక్ మోతీలాల్‌కు ఎవరో మంచం వేశారు. ఆయన కూర్చోలేదు. లారీ వంగిపోయిన ముందు రేకు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇనుండ్రి. రేపు మల్ల నాకు తెల్వదని ఎవ్వరూ అనొద్దు. పాలకీడు దాటినంక దిగుట్ల ఈ బండి ఆగలే. ఎదురుంగ ఎడ్లబండి వొస్తే దీప్లా పక్కకు తిప్పిండు. వడ్ల బస్తాల మీద కూసున్న తావుర్యా కింద పడ్డడు. కాలు పాయె. మూడో గేరు స్లిప్పయిందని దీప్లా అంటుండు. గేరు మంచిగుంది, డ్రైవరుదే తప్పని సేటు అంటుండు. ఇప్పితే ఇనుమే చెప్తది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "గేరు పోయిందనుకో. తండా తండా కోదాడ పోయి సేటు ఇంటి ముంగట కూసుంటం. తావుర్యాకు ఒక బతుకుదెరువు చూపించేదాక లేవం. గేరు మంచిగుందనుకో, తావుర్యా రెండెకరాలు దీప్లా ఇల్లే దున్నాలె, నాటెయ్యాలె, కొయ్యాలె. తావుర్యా కొడుకు అరక పట్టేదాక."

తావుర్యా కొడుకు తల్లి చంకలో ఉన్నాడు. అరక పట్టడానికి ఇంకా పదిహేనేళ్లు.

"ఒప్పుకున్న," అన్నాడు దీప్లా.

ఒప్పుకోక ఏం చేస్తాడు? అసలు విప్పుదామని ముందు నోరు జారింది అతనే. "కావాల్నంటే తండల ఇప్పి సూపిస్త," అని నలుగురిలో రోషానికి పోయి అన్నాడు. లారీకైతే రివర్సు గేరుంది, మాటకు లేదు కదా.

లారీ యజమాని, సేటు చంద్రమౌళి కూడా దీనికి సులువుగానే ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకోడు! షెడ్డు మనిషి గేర్ బాక్సు పైమూత తీసి చూసి అంతా బాగుందన్నాడు. పైనుంచి చూస్తే గేర్ల వీపులే కనబడతాయి, పక్క పళ్లు కనబడవని దీప్లా వాదన. అదీ నిజమే. "సరే, నాలుగు రోజులు బండి నీ దగ్గరే ఉంచుకో. నడుపుకుంటూ తీసుకురా, లైసెన్సు పట్టుకుపో," అని చంద్రమౌళి అతని లైసెన్సు తన సొరుగులో వేసుకున్నాడు. ఆ చుట్టుపక్కల తండాల్లో మొట్టమొదటి హెవీ లైసెన్సు అది. అది వచ్చిన రోజు దీప్లా తల్లి రంగి దానికి ఎర్రగుడ్డతో అద్దాలు కుట్టిన సంచి కట్టిచ్చింది. సొరుగులో ఆ సంచి కూడా ఉంది.

గేమ్యా మొదటి దెబ్బ వేశాడు. మంగమ్మ కొడుకును చంక మార్చుకుని లారీనే చూస్తోంది. తావుర్యా భార్య ఆమె. వరసకు దీప్లాకు వదిన. సూర్యాపేట దవాఖానలో భర్త కాలు తీసేసిన ఈ పన్నెండు రోజుల్లో ఆమె దీప్లాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిడితే బాగుండేది. తిట్టే మనిషికి ఎప్పటికైనా ఎదురు చెప్పుకోవచ్చు.

పగలంతా తవ్వకమే సరిపోయింది. మొరం పెళ్లలు పెళ్లలుగా లేచింది. దీప్లా మధ్యాహ్నం నుంచి గొయ్యిలోకి దిగి కింది పని మొదలుపెట్టాడు. ఆయిలు బిరడా తీస్తే నల్లటి గేరాయిలు రేకు డబ్బాలోకి జారింది. అందులో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. ఇనుప పొడి తగిలితే గేరు అరిగినట్టు. వేళ్ల మధ్య ఆయిలు మెత్తగా, చక్కగా జారింది. ఎవరూ చూడకముందే వేళ్లు లుంగీకి తుడుచుకున్నాడు.

రెండోరోజు పొద్దున్నే బాక్సు దింపడం. వెనక్కి పోయే పెద్ద రాడ్డు ఊడదీశాడు. క్లచ్ రాడ్డు, మీటరు తీగ తీశాడు. క్యాబిన్‌లో కాళ్ల కింది రేకు లేపి, రెండు తలుపుల మీదుగా అడ్డంగా టేకు దూలం పెట్టి, మోకు దింపి బాక్సుకు నడుం కట్టాడు. గేమ్యా గొయ్యిలో నాలుగు ఊక బస్తాలు పేర్చి మీద చెక్క వేశాడు. దీప్లా పానతో ఒక్కో బోల్టూ వదులు చేశాడు. ఆఖరి బోల్టు ఊడగానే బాక్సు వెనక్కి జరిగి, దాని ముందు షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి బయటికొచ్చి, క్వింటాలు దాటిన బరువు బస్తాల మీద కూర్చుంది.

"కోయి," అన్నాడు దీప్లా.

గేమ్యా కొడవలితో బస్తాల మూలలు చీల్చాడు. ఊక జలజలా కారింది. కారినకొద్దీ బాక్సు చిన్నగా, ఏ తొందరా లేకుండా కిందికి దిగింది. చుట్టూ నిలబడ్డ ఇరవై మందీ "అబ్బ!" అన్నారు. షెడ్డు వాళ్లకు జాకీలుంటే ఏం, తండాకు ఊకుంది. ఆ క్షణంలో దీప్లాకు కూడా తను ఎందుకు విప్పుతున్నాడో మరుపొచ్చి గర్వమేసింది.

మోకు కట్టి, అందరూ పట్టి, బాక్సును గడ్డివామి పక్కన పరిచిన టార్పాలిన్ మీదికి చేర్చారు. రంగి అప్పటికే అక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంది. చేతిలో పురికొస ఉండ.

"ఏం చేస్తవు యాడీ?" అని తల్లిని అడిగాడు దీప్లా.

"నువ్వు తీసినవి తీసినట్టు నాకియ్యి. గుచ్చుత. కుట్టుకునేటప్పుడు పూసలు చెదిరితే మల్ల వరస దొరుకుతదా? గిది గూడ గంతే."

అరవై ఏళ్లుగా గవ్వలూ పూసలూ అద్దాలూ వరస తప్పకుండా కుట్టిన చేతులు. చూపు మందగించినా వేళ్లకు మందగించలేదు. దీప్లా లోపలి షాఫ్టు లాగి ఒక్కో ముక్కా తీసిచ్చాడు. రింగు, వాషరు, గేరు, బేరింగు. ఆమె ఒక్కోదాన్నీ తడిమి, గుచ్చి, ఒక్కో ముడి వేసింది. బరువైన గేర్లకు మోకు ముక్క, చిన్న వాటికి పురికొస. సగం తీసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. యాసంగి నాట్ల రోజులు. చూసేవాళ్లు ఎంతసేపని చూస్తారు? ఒక్కొక్కరూ పొలాలకు పోయారు. గేమ్యా కూడా, "సద్దిదిని వొస్త బావా," అని కదిలాడు. దీప్లా భార్య తారా నాటు కూలికి పొద్దున్నే పోయింది. గడ్డివామి నీడలో రంగి కునుకుతోంది.

దీప్లా లారీ ట్యాంకులోంచి గొట్టంతో డీజిలు లాగి తట్టలో పోశాడు. ఒక డబ్బా సరిపోలేదు. రెండో డబ్బా లాగాడు. మూడో గేరును అందులో ముంచి కుంచెతో కడిగాడు.

నల్లదనం వదిలాక పళ్లు తెల్లగా మెరిశాయి. ఒక్కోదాన్నీ గోటితో గీకి చూశాడు. పక్క పళ్లు చూశాడు, లోపలి అంచు చూశాడు. దాన్ని పట్టి నెట్టే కొక్కెం చూశాడు. ఎక్కడా అరుగు లేదు, చిట్లు లేదు. కొత్త పెళ్లికొడుకు నవ్వినట్టుంది పాడు గేరు.

అతనికి తెలుసు. ముందునుంచీ తెలుసు. ఆ రోజు ఎడ్లబండి కనబడగానే చేత్తో గేరు రాడ్డు పట్టుకుని మూడోదాంట్లోకి నెట్టబోయాడు. దిగుట్లో పరిగెత్తే బండి గేరులో పడలేదు, గరగరమంది. గేరు స్లిప్పయిందని మొదట పోలీసు జవాన్‌తో అన్నాడు, భయంతో. తర్వాత మోతీలాల్‌తో అన్నాడు. తర్వాత తారాతో, తల్లితో అన్నాడు. అన్నప్పుడల్లా అరచేతిలో రాడ్డు ఎగిరిన గుర్తు ఇంకొంచెం గట్టిపడింది. పదోసారికి నిజంగానే ఎగిరింది. విప్పితే కనబడుతుందని తనే నమ్మాడు. ఇప్పుడు ఆ గుర్తు అరచేతిలో వెతికితే లేదు.

"గిదేనా?"

ఉలిక్కిపడ్డాడు. మంగమ్మ. నాటు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద ఎండిపోయి ఉంది.

"ఏది వదినె?"

"మూడో గేరు."

అతను తలూపాడు. ఆమె కూర్చుని, గేరును ఒళ్లోకి తీసుకుని, బొటనవేలితో పళ్లు ఒక్కొక్కటిగా తడుముతూ పోయింది. మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగింది.

"ఒక్క పన్ను గూడ పోలే."

దీప్లా కుంచెను తట్టలో పడేశాడు.

"అంటె అబద్ధమాడినవ్."

రంగి నిద్రలో ఏదో గొణిగింది. మంగమ్మ అటు చూసి, ఇటు చూసి, టార్పాలిన్ అంచున ఉన్న సుత్తె తీసి దీప్లా మోకాలి దగ్గర పెట్టింది.

"కొట్టు."

"ఏంది?"

"ఒక్క పన్ను ఇరగ్గొట్టు. నీ అబద్ధం నిజమైతది. తండంత పోయి సేటు ఇంటి ముంగట కూసుంటది." ఆమె గొంతు లేవలేదు. "నీ మీద నా కోపం సచ్చేదాక ఉంటది, గది వేరే ముచ్చట. కని నువ్వు దున్నితే నా పోరనికి కడుపు నిండుతదా దీప్లా? నీకున్నదే ఎకరం. నీకే దిక్కు లేకపాయె, నాకు నువ్వు దిక్కా? సేటుకున్నది. సేటు దగ్గర్నే దొరుకుతది. కొట్టు."

ఆమె దగ్గర మంచి అనిపించుకోవాలనే కదా ఇదంతా విప్పింది! ఆమే వచ్చి మోసం చెయ్యమంటే మనిషి ఏమైపోవాలి? అయినా ఆమె చెప్పినదాంట్లో ఒక్క తప్పు మాట దొరకలేదు అతనికి. గేరును రాతి మీద ఆనించాడు. పంటి మొదట్లో ఉలి పెట్టి సుత్తె ఎత్తి కొట్టాడు.

కంచు గంటలా మోగింది. కోళ్లు చెదిరిపోయాయి. సుత్తె చేతిలోంచి ఎగిరి భుజం దాకా జిల్లుమంది. మళ్లీ కొట్టాడు. మూడోసారి బలమంతా పెట్టి కొట్టాడు.

"ఏందిరా గా సప్పుడు?" అంది రంగి, కళ్లు తెరవకుండానే.

"ఏం లేదు యాడీ. మట్టి దులుపుతున్న."

ఉలి తీసి చూశాడు. ఉలి మూతి పగిలింది. గేరు పంటి మీద గీతైనా పడలేదు.

"ఇరుగది వదినె," అన్నాడు. "ఇనుమును కాల్చి గట్టి నీళ్లు పట్టిచ్చిన్రు. నా తోని ఇరుగది. మంచిగున్నది గిది. ఏం చెయ్యాలె చెప్పు, మంచిగున్నది." డీజిలు చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు.

మంగమ్మ గేరును రాతి మీంచి తీసి తట్టలో పెట్టింది. తర్వాత అడిగింది. "మరి ఏమైంది గా దినం?"

"న్యూట్రల్ల వొచ్చిన. దిగుట్ల ఎప్పటికీ న్యూట్రల్లనే వొస్తం. గేరు తీసి ఒదిలితే బండి దాని పాటికి ఉరుకుతది, డీజిలు తాగది. మల్ల ఆపాల్నంటే ఒక్క బిరేకే. బస్తాల బరువుకు బిరేకు సాలలే."

"గట్ల రమ్మని ఎవలు చెప్పిన్రు?"

"ఎవలూ చెప్పలే. సేటు దగ్గర కట్టె ఉన్నది. వెదురు కట్టె, గీతలుంటయి. పోయేటప్పుడు ట్యాంకుల ముంచి చూస్తడు, వొచ్చినంక ముంచి చూస్తడు. మిర్యాలగూడ పోయొస్తే ఇన్ని గీతలని లెక్క. ఒక్క గీత తక్కువొస్తే వారం దినాలు స్టీరింగు మీద ఎక్కనియ్యడు."

"కట్టె?"

"కట్టె."

మంగమ్మ లేచి నిలబడింది. ఆమె నమ్మలేదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఒక మనిషి కాలు పోవడానికి ఒక వెదురు కట్టె కారణమంటే ఎవరు మాత్రం నమ్ముతారు? "తాగినోడు గూడ గింతకంటె మంచి కత చెప్తడు," అనేసి వెళ్లిపోయింది.

మూడోరోజు సాయంత్రం నాట్లు ముగించుకుని తండా మళ్లీ చేరింది. చంద్రమౌళి స్కూటరు మీద వచ్చి మోతీలాల్ పక్కన మంచమ్మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా, మర్యాదైన మనిషి. తావుర్యా ఎలా ఉన్నాడని అందరికంటే ముందు అడిగింది కూడా అతనే. టార్పాలిన్ మీద రంగి దండలు పరిచి ఉన్నాయి. కడిగిన గేర్లు ఎండపొడకు ధగధగలాడుతుంటే ఎవరి పెళ్లికో చేయించిన నగల్లా ఉన్నాయి.

"అన్ని ఉన్నయా రంగీ?" అన్నాడు మోతీలాల్.

"ముప్పై ఏడు. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఇరగలే," అంది రంగి గట్టిగా. పని సరిగ్గా చేశానన్న సంతోషం ఆమెది. తను అన్నమాట కొడుకు మెడకు చుట్టుకుంటుందని ఆ పిచ్చితల్లికి తట్టలేదు. అందరూ దీప్లా వైపు తిరిగాక తట్టింది. చేతిలోని పురికొస ఉండ ఒళ్లో దాచుకుంది.

దీప్లా లేచాడు. ఇంకా చెప్పొచ్చు. బేరింగు బిగుసుకుందనొచ్చు, ఆయిలు పలచబడిందనొచ్చు. ఇక్కడ ఎవరికి తెలుసు? వెనక వరసలో మంగమ్మ నిలబడి ఉంది. ఆమెకు తెలుసు.

"గేరు మంచిగుంది," అన్నాడు. "స్లిప్ గాలే. నేనే న్యూట్రల్ల తెచ్చిన."

గుంపులో కలకలం లేచింది. అతను కట్టె సంగతి కూడా చెప్పాడు. గీతలు చెప్పాడు, వారం ఇంట్లో కూర్చోబెట్టడం చెప్పాడు. చెబుతుంటే తన చెవికే సాకులా వినబడింది.

చంద్రమౌళి కోప్పడలేదు. అక్కడే వచ్చింది చిక్కు. "ఏమయ్యా దీప్లా, డీజిలు కొలుచుకోవడం తప్పా? ప్రతి ఓనరూ కొలుచుకుంటాడు. దిగుట్లో న్యూట్రల్‌లో దింపమని నీకు నేనెప్పుడైనా చెప్పానా? ఈ నోటితో?"

"చెప్పలే."

"ఒక్కసారైనా?"

"చెప్పలే సేటూ."

"మరింకేం!" అని మోతీలాల్ వైపు చూశాడు.

మోతీలాల్ మంచం మీంచి లేచాడు. ఆయనకూ సేటు ఇంటి ముందు కూర్చోవాలనే ఉంది. కానీ దేన్ని పట్టుకుని కూర్చుంటాడు? "మాటంటె మాటే. తావుర్యా పొలం దీప్లా ఇల్లే చూసుకోవాలె," అన్నాడు. తారా లేచి లోపలికి వెళ్లింది. గిన్నెలు దబదబా ఎత్తేసిన చప్పుడు బయటిదాకా వినబడింది. తీర్పు మీద ఆమె మాట అదే.

నిజం చెబితే బరువు దిగుతుందంటారు. ఏం దిగలేదు. ఆ రాత్రి దీప్లాకు అన్నం సయించలేదు, అంతే.

దించేటప్పుడు ఇరవై మంది వచ్చారు. నాలుగోరోజు ఎక్కించేటప్పుడు గేమ్యా, మరో ఇద్దరు. తప్పు తేలిన మనిషి పనికి చేతులు ఊరికే రావు. రంగి దండను చివరినుంచి వెనక్కి విప్పుతూ ఒక్కో ముక్కా అందించింది. దీప్లా మూడో గేరును షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒక క్షణం ఆగాడు. ఉలి పెట్టిన చోటు వెతికాడు. కనబడలేదు.

మూత బిగించి, బాక్సును మళ్లీ గొయ్యిలోకి దింపారు. ఈసారి ఊక పనికిరాదు. ఊక దించుతుంది గానీ లేపదు. దూలం మీదుగా మోకు లాగాల్సిందే. ముగ్గురు లాగితే బాక్సు జానెడు లేచి ఆగిపోయింది. కింద గొయ్యిలో వెల్లకిలా పడుకుని రెండు చేతులతో దాన్ని ఎత్తిపట్టిన దీప్లా ఊపిరి బిగబట్టాడు. మోకు జారితే అతని రొమ్ము మీదే.

"ఇంకొక్కలు కావాలె!" అని అరిచాడు గేమ్యా.

ఎవరో వచ్చి మోకు తోక పట్టుకున్నారు. గొయ్యిలోంచి దీప్లాకు కాళ్లే కనబడ్డాయి. పాత వెండి కడియాలు, మడమల పగుళ్లలో బురద. మంగమ్మ.

"లాగుండ్రి," అంది ఆమె. "ఈ బండి ఈన్నుంచి పోవాలె. పొద్దున లేస్తే నా కండ్లల్లనే ఉంటుంది."

బాక్సు లేచింది. షాఫ్టు మూతి క్లచ్ ప్లేటు రంధ్రానికి ఎదురొచ్చింది గానీ పళ్లు కుదరడం లేదు. తొందరపడి నెడితే ప్లేటు వంగి అంతా వృథా. "గేమ్యా, ఎనకది జర తిప్పు. ఇంక జర. ఆగు. అటు కాదు, ఇటు." చెమట కళ్లలోకి కారింది, తుడుచుకోడానికి చెయ్యి లేదు. పైన మోకు వణుకుతోంది. వెంట్రుకంత తిప్పి, వెంట్రుకంత నెట్టి, మళ్లీ తిప్పి. ఎంతసేపటికో కటుక్కుమని పంటికి పన్ను పడి, బాక్సు దానంతటదే లోపలికి పోయి అంటుకుంది.

బోల్టులు బిగించి దీప్లా పైకి వచ్చేసరికి మంగమ్మ అరచేతులు ఊదుకుంటోంది. "రేపు సూర్యాపేట దవాఖానకు పోవాలె. కోదాడ దాక ఎక్కుత," అంది, అతన్ని కాక లారీని చూస్తూ.

మర్నాడు ఆమె క్యాబిన్‌లో ఎడమ అంచున, తలుపుకు అతుక్కుని కూర్చుంది. ఒళ్లో టిఫిను గిన్నె. కొడుకును తారా దగ్గర వదిలి వచ్చింది. దీప్లా అడగలేదు, తారా చెప్పలేదు, ఆడవాళ్లు ఎప్పుడు అనుకున్నారో.

అనంతగిరి దాటాక దిగుడొచ్చింది. దీప్లా ఎడమ చెయ్యి అలవాటుగా రాడ్డు మీదికి పోయింది, న్యూట్రల్‌లోకి లాగడానికి. మంగమ్మ ఆ చెయ్యినే చూస్తోంది. చెయ్యి ఆగింది. మూడో గేరులోనే వదిలేశాడు. ఇంజను గోలపెట్టింది, బండి ముక్కుతూ మూలుగుతూ నడిచే మనిషిలా దిగింది. దిగినంతసేపూ ఆమె టిఫిను గిన్నెను రెండు చేతులా పట్టుకునే ఉంది.

కోదాడలో చంద్రమౌళి ఆవరణలోకి పోనిచ్చి ఇంజను ఆపాడు. చంద్రమౌళి కళ్లజోడు సవరించుకుంటూ గదిలోంచి బయటికొచ్చాడు. బండి ఎక్కలేదు. గేరు వేసి చూడలేదు. తలుపు పక్కన గోడకు ఆనించి ఉన్న వెదురు కట్టె తీసుకుని, ట్యాంకు మూత తిప్పి, ముంచి, ఎత్తి, ఎండకు పట్టి చూశాడు.

"ఇదేంటి? మూడు గీతలు తక్కువుంది!"

"గేర్లు కడిగిన సేటూ. రెండు డబ్బాలు పట్టింది."

"రెండు డబ్బాలకు రెండు గీతలు. మూడోది ఏదయ్యా?" చంద్రమౌళి కట్టెను ఇంకోసారి చూశాడు. విసుక్కున్నాడు. "కొంపదీసి అనంతగిరి దిగుట్లో కూడా గేర్లోనే తెచ్చావా ఏంటి?"

లారీ అవతలి పక్క నుంచి మంగమ్మ వచ్చింది. టిఫిను గిన్నె చంకలో పెట్టుకుని, సేటును కాదు, దీప్లాను అడిగింది.

"గిదేనా కట్టె?"

"గిదే వదినె."

ఆమె చెయ్యి చాపి కట్టె పట్టుకుంది. ఎవరో కూలి మనిషి, గోడకు పెట్టడానికేమో అనుకుని చంద్రమౌళి వదిలేశాడు. ఆమె గేరు పళ్లను తడిమినట్టే బొటనవేలితో గీతలను ఒక్కొక్కటిగా తడిమింది. చివరిదాకా తడిమి, డీజిలు తడిని కొంగుతో తుడిచి, కట్టెను చంకలో ఇరికించుకుని గేటు వైపు నడిచింది.

"ఏయ్! ఎక్కడికది? ఎవరయ్యా ఆమె?"

"తావుర్యా పెండ్లాం," అన్నాడు దీప్లా.

చంద్రమౌళి ట్యాంకు మూత బిగించాడు. తర్వాత గదిలోకి పోయి సొరుగు లాగి, అద్దాల సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. బయట ఉన్న దీప్లాకు మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు. "పోయి ఆ కట్టె పట్టుకురా. ఇదిగో, లైసెన్సు ఇక్కడే ఉంది. కట్టె తెచ్చి తీసుకుపో. తావుర్యా సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

దీప్లా గేటు దాకా వెళ్లాడు. మంగమ్మ ఇరవై అడుగుల దూరంలో రోడ్డు వారన నడుస్తోంది. తొందరేమీ లేదు. వదినే అని పిలిస్తే వినబడుతుంది, నాలుగంగల్లో అందుతుంది. ఆమె కూడా ఒకసారి వెనక్కి చూసింది. పిలుస్తాడనుకుందో, అడ్డమొస్తాడనుకుందో. అతను గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. సూర్యాపేట బస్సు వచ్చి ఆగింది. కట్టె పొడుగ్గా ఉండి తలుపులో అడ్డం పడితే కండక్టరు ఏదో కసిరాడు. ఆమె దాన్ని ఏటవాలు చేసి ముందు కట్టెను ఎక్కించి, తర్వాత తను ఎక్కింది.

దీప్లా వెనక్కి వచ్చాడు. "పోయింది సేటూ," అన్నాడు.

సొరుగు మూసిన చప్పుడైంది. దీప్లా లారీ తాళం బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. గోళ్ల సందుల్లో నల్ల గ్రీజు ఇంకా వదల్లేదు. అనంతగిరి వైపు ఎంత లేదన్నా గంటకో లారీ పోతుంది, నడిపేవాళ్లంతా తెలిసినవాళ్లే. ఒక్కదానికీ చెయ్యెత్తలేదు, నడవసాగాడు. తావుర్యా పొలంలో ఇంకా దమ్ము చెయ్యలేదు. రేపటికి ఎడ్లు ఇస్తాడేమో గేమ్యాను అడగాలి.